కోత గంటసేపు, కల్లం పక్షం రోజులు

ఏప్రిల్ నెలాఖరు నుంచి మే చివరిదాకా నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి జిల్లాల్లో ఏ పల్లె తారురోడ్డెక్కినా సగం దారి వడ్లదే. అంచున వరుసగా రాళ్లు, వాటి లోపల పసుపచ్చగా పరిచిన ధాన్యం, పక్కన మడిచిపెట్టిన పరదా, వేపచెట్టు కింద నులకమంచం. మంచం మీద ముసలాయన, ఎండలో వడ్లను కాళ్లతో కలియదిప్పుతూ ఆయన కోడలు. బండ్ల మీద పోయేవాళ్లు విసుక్కుంటారు, రాత్రిపూట ఆ రాళ్లకు తగిలి పడ్డవాళ్లూ ఉన్నారు. రోడ్డు మీద వడ్లు పోయొద్దని పోలీసులు చెప్పడం, రైతులు పోయడం ఏటా జరిగేదే. పొలం ఉన్న రైతు రోడ్డుకెందుకు వస్తున్నాడన్న ప్రశ్నకు జవాబు వరికోత మిషన్ దగ్గర మొదలవుతుంది.

కొడవళ్ల కాలంలో కోత ఒక్కరోజులో అయ్యే పని కాదు. కోసిన వరిని మెదలుగా పొలంలోనే పరిచి రెండు మూడు రోజులు ఎండనిచ్చేవారు. తర్వాత కట్టలు కట్టి కల్లానికి చేర్చి కుప్ప వేసేవారు. తీరిక చూసుకుని బంతి కట్టి ఎడ్లతో తొక్కించి, గాలి మళ్లినప్పుడు తూర్పారపట్టేవారు. ఇన్ని మెట్లు దాటేసరికి గింజ గడ్డిలో ఉండగానే నెమ్మదిగా ఆరిపోయేది. ఆరబెట్టడం అనే పని విడిగా ఉండేదే కాదు, అది కోతలోనే కలిసిపోయి ఉండేది.

మిషన్ ఈ మెట్లన్నిటినీ ఒకటి చేసింది. ఎకరం గంటలోపే కోసి, నూర్చి, తాలు ఎగరగొట్టి, ట్రాక్టర్ ట్రక్కులో వడ్లు పోస్తుంది. అయితే ఆ వడ్లు పచ్చివి. చేను బాగా ఎండేదాకా ఆగితే గింజ రాలుతుంది. ఊరికి వచ్చిన మిషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, పైన రాళ్లవాన భయం. అందుకే నూటికి 20 నుంచి 24 పాళ్ల తేమ ఉండగానే కోయించేస్తారు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తీసుకునేది మాత్రం 17 శాతానికి మించని తేమ ఉన్న ధాన్యమే. ఈ మూడు నుంచి ఏడు శాతం తేడాను తీసే బాధ్యత మిషన్‌ది కాదు, మిల్లుది కాదు, కొనుగోలు కేంద్రానిది కాదు. అది కుటుంబం మీద పడింది. కోత కష్టం తీరిందని అందరం అనుకుంటున్నాం గానీ, తీరింది కూలీ ఇచ్చి చేయించుకునే కష్టం. జమాఖర్చులో కనబడని ఇంటి చాకిరీ మాత్రం పెరిగింది.

అదెంత పనో ఒక లెక్క చూద్దాం. మూడెకరాల యాసంగి (రబీ) వరి, ఎకరానికి 30 క్వింటాళ్ల పచ్చి వడ్ల చొప్పున 90 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. తేమ 24 శాతం. దాన్ని 17కు దించితే మిగిలేవి 82.4 క్వింటాళ్లు. అంటే ఏడున్నర క్వింటాళ్ల నీళ్లను ఎండబెట్టి గాలికి పంపాలి. రెండంగుళాల మందాన పరిస్తే ఆ 90 క్వింటాళ్లకు మూడు మీటర్ల వెడల్పున దాదాపు వంద మీటర్ల పొడవు నేల కావాలి. అదీ గట్టి నేల, మట్టి అంటని నేల, పొద్దంతా నీడ పడని నేల. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. అంత చిన్న పొలంలో వంద మీటర్ల సిమెంటు గచ్చు ఎవరు వేయించుకుంటారు? ఊరి వాకిళ్లలో ఏ ఇంటికీ అంత చోటు లేదు. ఊరందరి సొమ్ముతో వేసిన వంద మీటర్ల గట్టి నేల ఒక్కటే ఉంది, దాని పేరు తారురోడ్డు.

ఉపాధి హామీ నిధులతో పొలాల దగ్గర సిమెంటు కల్లాలు కట్టే పని రాష్ట్రంలో మొదలైంది. ఆ పనులు పథకం నిబంధనలకు లోబడి లేవంటూ ఖర్చయిన రూ.151 కోట్లకు పైగా వెనక్కి కట్టమని 2022లో కేంద్ర ప్రభుత్వం అడగడంతో అది రాజకీయ పేచీగా మారింది. రైతుకు కావలసిన వస్తువు ఏదైనా ఉందంటే అది ఆ కల్లమే, పేచీ పడిందీ దాని మీదే.

కోతలు ఎండలు ముదిరాకే ఎందుకొస్తాయన్నది ఇంకో ముడి. యాసంగి వరి మార్చి చివరికే కోతకొస్తే ఈ గొడవంతా సగం తగ్గుతుంది. నాట్లు ముందుకు జరపమని ప్రభుత్వాలు, వ్యవసాయ అధికారులు చెబుతూనే ఉన్నారు. వినడానికి తేలిక. సాగర్ ఎడమ కాలువ కింద రైతు చేతిలో మాత్రం ఆ తేదీ లేదు. కృష్ణమ్మ మహాబలేశ్వరం కొండల్లో పుట్టి ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం ఒక్కొక్కటే నింపుకుంటూ దిగుతుంది. ఆ వరుసలో నాగార్జునసాగర్ వంతు చివర్న వస్తుంది. మంచి ఏడైనా గేట్లెత్తేసరికి మామూలుగా ఆగస్టు. కాలువ నీళ్లొచ్చాక వానకాలం నాట్లు పడతాయి, ఆ పంట నవంబర్ చివర, డిసెంబర్‌లో ఇల్లు చేరుతుంది. మళ్లీ నారు పోసి నాటేసరికి సంక్రాంతి. చలికి నారు ఎదగదు, ఆకులు ఎర్రబడి మొండికేస్తుంది, ముప్పై రోజుల నారుకు నలభై రోజులు పడుతుంది. ఇలా జనవరి మధ్యలో నాటిన 1010 రకం ఏప్రిల్ చివర్లోగానీ మిషన్‌కు అందదు. మే నెలలో హాలియా దగ్గర రోడ్డు మీద ఎండుతున్న వడ్లకు ఆ ముహూర్తం పెట్టింది కిందటేడు జూలైలో మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడ్డ వాన. 2023లో ఆ వాన సరిగా పడలేదు. 2023-24 యాసంగిలో ఎడమ కాలువ ఆయకట్టులో మడులు చాలాచోట్ల బీళ్లుగానే ఉండిపోయాయి, రోడ్లు ఖాళీగా ఉన్నాయి.

బోర్ల కింద సాగు ఎక్కువగా ఉన్న పాలమూరు వైపు కథ కొంచెం వేరు. అక్కడ రైతు డిసెంబర్‌లోనే నాటు వేయగలడు, బోరు ఎప్పుడు పోస్తే అప్పుడే కాలువ. కానీ అతని గండం చివర్లో ఉంటుంది. మార్చి దాటాక నీటి మట్టం దిగుతుంది, మోటారు ఆగి ఆగి పోస్తుంది, పొట్ట దశలో చివరి రెండు తడులు అందవు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు, కరెంటు ఉండగా నీళ్లు లేకపోవడమనేది ఆ తర్వాతి అనుభవం. అలా ఎండిన మడిని మిషన్‌కు ఇవ్వరు, బర్లకు వదిలేస్తారు.

ఇక వాన సంగతి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నుంచి నిప్పులు చెరిగిన ఆకాశం మూడు, నాలుగు గంటలకు ఉన్నట్టుండి నల్లబడుతుంది. నేల మీద కాగిన గాలి పైకి లేస్తుంటే బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి దాన్ని కలుస్తుంది, అటుగా ద్రోణి కూడా ఉంటే చెప్పనక్కర్లేదు. ముందు దుమారం, వెనక ఉరుములు, దాని వెనక చినుకులు, ఒక్కోసారి రాళ్లు. మొదటి దుమ్ముకూ మొదటి చినుక్కూ మధ్య పదిహేను నిమిషాల వ్యవధి ఉంటే అదృష్టమే. ఆ పదిహేను నిమిషాల్లో వంద మీటర్ల వడ్లను కుప్పచేసి, పరదా కప్పి, అంచులకు రాళ్లు పెట్టాలి. పైన తడవకపోయినా కింద నుంచి పారిన నీళ్లు చేరి కుప్ప అడుగు తడుస్తుంది. తెల్లారి విప్పి చూస్తే అడుగు వడ్లు వేడెక్కి ఉంటాయి, రెండు మూడు రోజులు అలాగే ఉంటే మొలకెత్తుతాయి. మొలకెత్తినవి, రంగుమారినవి, పుచ్చినవి అన్నీ కలిపి నూటికి ఐదుకు మించకూడదన్నది కొనుగోలు ప్రమాణం. ఒక్క సాయంత్రపు వాన ఆ ఐదును దాటించగలదు.

ఈ భయంతోనే రైతులు అవసరానికి మించి ఎండబెడతారు. మీటర్‌లో 17 అంటే కుదరదంటారేమో, ఇంకో రెండు రోజులు ఎండితే మాట పడేపని లేదనుకుంటారు. కాంటా (తూకం) వంతు రాక వారం ఆగితే తేమ తనంతట తనే 14కు దిగిపోతుంది. పై లెక్కలో 90 క్వింటాళ్లు 17 శాతం దగ్గర 82.4 అయితే, 14 శాతం దగ్గర 79.5. దాదాపు మూడు క్వింటాళ్లు గాలిలో కలిసిపోయాయి. 2025-26 సీజన్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాల్‌కు రూ.2,369. ఆ లెక్కన సుమారు రూ.6,800. తేమ ఎక్కువైతే కోత పెట్టేవాళ్లున్నారు, తక్కువైతే కలిపి ఇచ్చేవాళ్లు లేరు. కాంటా ఆలస్యమైన ప్రతిరోజూ రైతు తూకంలోంచే పోతుంది. ఆలస్యం మీద జరిగే వాదనల్లో ఈ మాట ఎందుకో వినబడదు.

తరుగు మాట మాత్రం బాగానే వినబడుతుంది. 40 కిలోల బస్తాకు తాలు, మట్టి పేరుతో కిలో ఎక్కువ తూస్తే మన మూడెకరాల కుటుంబానికి 206 బస్తాల మీద రెండు క్వింటాళ్లకు పైన, అంటే దాదాపు రూ.4,900 పోతుంది. లారీ మిల్లుకు చేరాక దిగుమతి (బస్తాలు దింపే) దగ్గర ఇంకో కోత పడితే అది వేరు. మహిళా సంఘాలు నడిపే కేంద్రాల్లో ఈ తగాదా ఆడవాళ్లిద్దరి మధ్య నడవడం ఒక వింత. కాంటా దగ్గర రాసే సంఘం మనిషీ, ఎండలో వడ్లు తిప్పిన రైతు భార్యా ఒకే ఊరివాళ్లు, ఒకే సంఘం సభ్యులు కూడా కావచ్చు. వదినా అంటూనే కిలో దగ్గర గొంతు పెంచుకుంటారు. కోత పెట్టమన్న మిల్లు ఆ చోట ఉండదు.

అందుకే మిర్యాలగూడ చుట్టుపక్కల రైతులు చేసే పనిని తొందరపాటు అనడానికి లేదు. ఉప్పుడు బియ్యం మిల్లులకు పేరుపడ్డ ఆ ఊళ్లో సన్నరకం వడ్లను పొలం నుంచి పచ్చివిగానే ట్రాక్టర్ మీద మిల్లుకు తోలడం అలవాటు. సీజన్‌లో ట్రాక్టర్ల బారు మైళ్ల పొడవు సాగి, టోకెన్లు ఇచ్చి పంపాల్సిన రోజులూ వచ్చాయి. బయటినుంచి చూసేవాళ్లు మద్దతు ధర వదులుకుని తక్కువకు అమ్ముకుంటున్నారని జాలిపడతారు. పై సాధారణ రకం ధరతోనే లెక్క వేస్తే అంత తేడా లేదు. 17 శాతం తేమతో రూ.2,369 పలికే ధాన్యం 24 శాతం దగ్గర విలువకు రూ.2,169. వ్యాపారి పచ్చి వడ్లకు రూ.2,100 ఇస్తానంటే పోయేది క్వింటాల్‌కు 270 కాదు, 70. తొంభై క్వింటాళ్లకు రూ.6,200 పైచిలుకు. దాన్ని అవతలి పళ్లెంలో వేసి తూచాలి: పరదాల కిరాయి, తరుగులో పోయే రూ.4,900, పది పదిహేను రాత్రుల కాపలా, వాన పడితే మొత్తానికే మోసం. పచ్చివి అమ్మిన రైతుకు ధర తెలియకపోవడం వల్ల అమ్మాడనడం అన్యాయం. వ్యాపారి 1,900 అన్నప్పుడు, సన్నాలకు ప్రభుత్వం ఇచ్చే రూ.500 బోనస్ వదులుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. ఏ పూట ఏది మేలో చెప్పగలిగేది తేమ మీటరే, అది రైతింట్లో ఉండదు.

సన్నాల ప్రస్తావన వచ్చింది గనుక ఎండ గింజకు చేసే పని కూడా చెప్పుకోవాలి. నలభై దాటిన ఎండలో గింజ పైపొర త్వరగా ఆరి, లోపలిది ఆరక, సన్నని పగుళ్లు వస్తాయి. రాత్రి చల్లదనం, మధ్యలో చినుకులు ఆ పగుళ్లను పెంచుతాయి. మరకు పెడితే అది నూకవుతుంది. యాసంగి వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేయడానికి కారణం ఇదే, ఉడికినప్పుడు పగుళ్లు అతుక్కుంటాయి. ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్ర ప్రభుత్వం అన్నప్పుడు 2021-22 యాసంగికి ఊళ్లలో ‘వరి వేస్తే ఉరే’ అన్న మాట తిరిగింది, సాగూ తగ్గింది. ఇప్పుడు గాలి సన్నాల వైపు మళ్లింది. రేషన్ కార్డులకు సన్నబియ్యం పంపిణీ 2025 ఉగాదినాడు, మార్చి 30న, ఉమ్మడి నల్లగొండలోని హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. ఆ బియ్యం వానకాలం పంట నుంచి తేలిగ్గా వస్తుంది. మే ఎండలో కోసిన సన్నాల నుంచి నూక లేకుండా రాబట్టడం కష్టం. పథకం ఒక క్యాలెండర్ మీద, గింజ ఇంకో క్యాలెండర్ మీద నడుస్తున్నాయి. దొడ్డు వడ్లు పండించే ఇళ్లలో కూడా తినడానికి అట్టిపెట్టుకునేవి వానకాలం సన్నాలే కావడం ఈ సంగతి రైతుకు ఎప్పటినుంచో తెలుసుననడానికి గుర్తు.

ఈ పక్షం రోజుల్లో ఇంటిల్లిపాదీ కల్లం దగ్గరే. బడులకు ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ రెండో వారందాకా సెలవులు, పిల్లలకు మేకలను, కోళ్లను తోలే పని. పొద్దున ఐదింటికి పరదాలు విప్పుతారు. ఎండ పొడిచాక పరుస్తారు, గంటకోసారి తిప్పుతారు, పది దాటాక నీడకు పోతారు. అయినా తిప్పే మనిషి మధ్యమధ్య ఎండలోకి రావాల్సిందే. గిన్నెలో జొన్న అంబలి, అందులోకి ఉల్లిగడ్డ, కొత్తగా పెట్టిన మామిడికాయ తొక్కు. కిందటి తరం ఈ నెలలో చింతపండు కొట్టి గింజ తీసేది, వడియాలు పెట్టేది, తాటి ముంజలకు పోయేది. ముంజలు ఇప్పటికీ ఉన్నాయి గానీ వడియాలు పరిచే పరదా వడ్ల కింద ఉంది. ఇందులో ఎక్కువ పాలు ఆడవాళ్లది. మద్దతు ధర లెక్కలో కుటుంబ శ్రమకు విలువ కడతారు, కానీ రాత్రి రెండింటికి ఉరుము విని లేచి పరదా సర్దిన పనిని ఏ ఇంట్లోనూ కూలిగా రాసుకోరు.

బయటి మనుషులూ చాలామందే. మిషన్ నడిపేవాళ్లు పంజాబ్ నుంచో తమిళనాడు నుంచో వస్తారు. బస్తాలు మోసే హమాలీల్లో బిహారీలు ఎక్కువయ్యారు. కరోనా నాడు దేశమంతా వలస కూలీలు ఇళ్లకు తిరిగి పోతుంటే 2020 మేలో బిహార్ నుంచి తెలంగాణ రైస్‌మిల్లులకు రైల్లో హమాలీలను రప్పించాల్సి వచ్చింది. ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో దేశమంతా కాలువలు తవ్విన మనుషుల గడ్డ మీద బస్తా ఎత్తడానికి పరాయి రాష్ట్రం మనిషి కావాలి. లారీ రాకపోతే, హమాలీ లేకపోతే కాంటా ఆగుతుంది. కాంటా ఆగితే వడ్లు ఎండుతూనో తడుస్తూనో ఉంటాయి.

మిషన్ వదిలిన గడ్డిని ట్రాక్టర్ యంత్రంతో కట్టలు కట్టించుకునేవాళ్లు కొందరు. బర్లు లేని ఇంట్లో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం ఇక్కడా మొదలైంది. ఖాళీ మడుల్లోకి గొల్లకురుమల మందలు దిగుతాయి. రాత్రికి ఇంత అని మాట్లాడుకుని మందను పొలంలో పడుకోబెట్టించుకునే పద్ధతి పాలమూరులో ఇంకా ఉంది, ఆ ఎరువుకు సాటి లేదంటారు. ఎండిన చెరువుల నుంచి ఒండ్రుమట్టి తోలేదీ ఈ రోజుల్లోనే, 2015లో చెరువులు బాగుచేసే పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ మట్టికి గిరాకీ పెరిగింది. కొల్లాపూర్ వైపు మామిడి తోటల్లో కాయ దింపే హడావిడి, నల్లగొండ బత్తాయి తోటల్లో చెట్టు బతికించుకునే ఆరాటం కూడా ఈ నెలే. వరి రైతుకు అటు చూసే తీరిక ఉండదు.

మే 25కు రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండ అంటారు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, ఆ రోజు తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు తక్కువ. మామూలుగా నైరుతి వానలు అటూ ఇటూగా మృగశిరలోనే రాష్ట్రంలోకి వస్తాయి. 2025లో మే నెలాఖరుకే వచ్చేశాయి. మే 24నే కేరళను తాకిన రుతుపవనాలు రెండు మూడు రోజుల్లో తెలంగాణ గడపలో ఉన్నాయి. ముందే వాన అంటే పత్తి రైతుకు పండగ, కల్లంలో వడ్లున్న రైతుకు ఉరుకులు. ఈ ఇద్దరూ ఒక్కరే అయిన ఇళ్లు దక్షిణ తెలంగాణలో లెక్కలేనన్ని. రెండెకరాలు వరి మడి, రెండెకరాలు చెలక, చెలకలో పత్తి.

అలాంటి ఇంట్లో మే నెలాఖరున రెండు పంటలు ఒకదానికొకటి ఎదురుపడతాయి. ఒకటి కుప్పగా రోడ్డు మీద ఉంది, ఇంకొకటి విత్తన ప్యాకెట్‌గా దుకాణంలో ఉంది. 475 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ ధర 2025లో రూ.901. దుక్కి దున్నించిన ట్రాక్టర్ బాకీ, డీఏపీ బస్తా, మేలో చేసిన పెళ్లి తాలూకు చేబదుళ్లు అన్నీ ఆ వడ్ల మీదే చూపు పెట్టుకుని ఉంటాయి. కాంటా అయి, లారీ మిల్లుకు చేరి, మిల్లు వాళ్లు దిగుమతి ఒప్పుకుని, ఆన్‌లైన్‌లో ఎక్కితేగానీ ఖాతాలో డబ్బు పడదు. పడేది జూన్ 5 అయితే విత్తనం రొక్కానికి వస్తుంది. జూన్ 20 అయితే అదే దుకాణంలో, అదే విత్తనం, ఎరువు, మందులతో కలిపి ఖాతా మీద రాయించుకోవాలి. పత్తి వచ్చాక ఆ దుకాణదారుకే తోలాలన్న మాట కూడా అప్పుడే పడుతుంది. నవంబర్‌లో పత్తి ఎవరికి, ఎంతకు అమ్ముతాడన్నది చాలా ఇళ్లలో జూన్ మొదటి పక్షంలో, వడ్ల బస్తాలు లారీ ఎక్కిన తేదీని బట్టి తేలిపోతుంది.